కాంతితో పనిచేసే క్యాన్సర్ మందుని లైపోజోమ్‌లోకి ఎక్కించడం: ఎం.ఫార్మ్ జూనియర్ల కోసం

ఫొటోడైనమిక్ థెరపీ, అంటే మందు ఇచ్చి దాన్ని కాంతితో పనిచేయించే వైద్యం, మీద ప్రాజెక్టు తీసుకున్న ప్రతి జూనియరూ ముందు అడిగేది "అన్నా, లైపోజోమ్ (మందుని మోసే కొవ్వు పొర బుడగ) సైజ్ ఎంత రావాలి" అనే. 100 నుంచి 200 నానోమీటర్ల మధ్య వస్తే చాలు, దానికి అంత టెన్షన్ అక్కర్లేదు. తేడా కొట్టేది మందు ఎంత వేశామన్న దగ్గరే.

కాంతి పడగానే మందు ఆ శక్తిని పక్కనున్న ఆక్సిజన్‌కి ఇస్తుంది, అది సింగ్లెట్ ఆక్సిజన్‌గా మారి కణాన్ని దెబ్బతీస్తుంది. కానీ ఈ మందుల్లో చాలావాటికి నీళ్లంటే పడదు, ఉండ కట్టేస్తాయి, అలా కట్టాక శక్తి వాటిలో వాటికే ఖర్చయిపోయి ఆక్సిజన్ దాకా రాదు. అందుకే లైపోజోమ్. కంటి జబ్బుకి వాడే వెర్టెపోర్ఫిన్ కూడా అలాగే వస్తుంది, దాన్ని 689 నానోమీటర్ల ఎర్ర లేజర్‌తో పనిచేయిస్తారు. అయితే మంగళగిరి షేర్ ఆటోలో జనాన్ని కుక్కినట్టు మందుని కుక్కారంటే లోపల కూడా అదే గొడవ.

చెయ్యి తిరగడానికి కర్క్యుమిన్‌తో మొదలుపెట్టండి. దుగ్గిరాల యార్డు పక్కనే ఉంది కదా అని పసుపు తెచ్చి వేయకండి, శుద్ధమైన కర్క్యుమినే కొనండి. 100 మిల్లీగ్రాముల సోయా లెసిథిన్, 20 కొలెస్ట్రాల్, 5 కర్క్యుమిన్ క్లోరోఫామ్‌లో కరిగించి, రోటరీ ఎవాపరేటర్‌లో 40 డిగ్రీల దగ్గర తిప్పితే ఫ్లాస్క్ గోడకి పల్చటి పసుపు పొర అంటుకుంటుంది. ఆ పొరని రాత్రంతా వ్యాక్యూమ్‌లో ఉంచాలి, క్లోరోఫామ్ మిగిలితే కణాల్ని చంపింది మందో క్లోరోఫామో తేలదు. తెల్లారి 10 మిల్లీలీటర్ల బఫర్ పోసి తిప్పండి. పీహెచ్ 6.5 దగ్గర ఉంచండి, క్షారంలో కర్క్యుమిన్ విరిగిపోతుంది. తర్వాత ఐస్‌లో పెట్టి, ఆపి ఆపి సోనికేట్ చేయండి, అంటే శబ్ద తరంగాలతో బుడగల్ని చిన్నవి చేయండి. మొదటి నుంచి ఫ్లాస్క్‌కి ఫాయిల్ చుట్టే ఉండాలి.

నేను మొదటిసారి ఎక్కువ పడితే ఎక్కువ పనిచేస్తుందని 5 బదులు 20 వేశాను. సాయంత్రం చిక్కటి మజ్జిగలా బ్రహ్మాండంగా కనిపించింది, పొద్దున చూస్తే వయల్ అడుగున పసుపు మడ్డి. మీకూ అలా వస్తే తక్కువ స్పీడ్‌లో సెంట్రిఫ్యూజ్ చేసి పై ద్రవం తీసుకుని, అందులో మందు ఎంత మిగిలిందో కొలవండి. వేసిన లెక్క రాసుకుంటే లాభం లేదు.

కాంతికి 450 నానోమీటర్ల నీలి ఎల్‌ఈడీ సరిపోతుంది. చదరపు సెంటీమీటర్‌కి 50 మిల్లీవాట్లు, 10 నిమిషాలు ఇస్తే 30 జౌళ్లు. నీలి కాంతి చర్మంలోకి లోతుగా దిగదు కాబట్టి అసలు మందులకి ఎర్ర కాంతి వెతుక్కుంటారు. మన ఇంట్లోవాళ్లు అడిగినట్టు పసుపు రాసుకుని ఎండలో కూర్చుంటే క్యాన్సర్ తగ్గదు.

సింగ్లెట్ ఆక్సిజన్ కొలవడానికి అందరూ డీపీబీఎఫ్ అంటారు, అది తగిలితే రంగు తగ్గే రసాయనం. డీపీబీఎఫ్ 410 నానోమీటర్ల దగ్గర కాంతిని పీలుస్తుంది, కర్క్యుమిన్ 425 దగ్గర, రెండూ కలిసిపోయి రీడింగ్ మిమ్మల్ని మోసం చేస్తుంది. అది మిథిలీన్ బ్లూ లాంటివాటికే వాడుకోండి. కణాల ప్లేట్‌లో మాత్రం మందు వేసి చీకట్లో పెట్టినవి, మందు లేకుండా కాంతి ఇచ్చినవి, ఖాళీ లైపోజోమ్‌కి కాంతి ఇచ్చినవి, లైపోజోమ్‌లో పెట్టని విడి మందుకి కాంతి ఇచ్చినవి, ఈ నాలుగూ ఉండాల్సిందే. వైవాలో ఎగ్జామినర్ ముందు అడిగేది చీకటి ప్లేట్ సంగతే.