ఘాట్ రోడ్డులో తొలి పది నిమిషాలు తగ్గి తొక్కండి

హైదరాబాద్ నుంచి సైకిల్ మీద అనంతగిరికో శ్రీశైలానికో బయలుదేరేవారికి ఒక మాట. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ ట్రాక్ మీద మీరు ఎంత వేగంగా తొక్కినా, కొండదారి లెక్క వేరు. చదును నేల మీద వేగంగా పోతే శ్రమలో ఎక్కువ భాగం గాలిని చీల్చడానికే పోతుంది. ఎక్కుడులో ఒంటి బరువు, సైకిల్ బరువు పైకి మోయాలి.

అందుకే తొలి పది నిమిషాలు మరీ నెమ్మదిగా ఉందే అనిపించేలా తొక్కండి. తోటివారు దాటిపోతే పోనివ్వండి. పూర్తి వాక్యం ఒకటి ఆగకుండా పలకగలిగితే సరైన వేగంలో ఉన్నట్లే. రెండు మాటలకే ఊపిరి చాలకపోతే వెంటనే తగ్గించండి, ఎందుకంటే ఆ స్థాయిలో కండరాల్లో ఇంధనంగా నిల్వ ఉండే పిండిపదార్థం, అంటే గ్లైకోజెన్, చాలా త్వరగా ఖర్చవుతుంది.

గేరు దగ్గర మొహమాటం అసలు వద్దు. నిటారు మలుపు కనిపించగానే, పెడల్ బరువెక్కక ముందే తేలిక గేరుకు మార్చండి. ఆలస్యం చేస్తే చైను కరకరమంటూ మొరాయిస్తుంది. పెడల్ నిమిషానికి 70 చుట్లు తిరుగుతుంటే మోకాళ్లకు మేలు. నడుము పట్టేస్తే ఒక గేరు బరువు పెంచి, సీటు మీద నుంచి లేచి కాసేపు తొక్కి మళ్లీ కూర్చోండి.

శ్రీశైలం దారి కృష్ణ దాకా దిగి, నది దాటాక మళ్లీ ఎక్కుతుంది. దిగుడులో కాళ్లు బిగుసుకుంటాయి. కింద ఆగి నీళ్లు తాగి, నాలుగు ఖర్జూరాలో పల్లీ చిక్కీ ముక్కో తిని, మళ్లీ తేలిక గేరుతోనే ఎక్కడం మొదలుపెట్టండి.