బొమ్మ కదలాలి, గోడ కాదు: స్టాప్ మోషన్‌లో నా అనుభవం

స్టాప్ మోషన్ అంటే బొమ్మను కాస్త కాస్త జరుపుతూ ఒక్కో ఫొటో తీసి, వాటిని వరసగా ఆడించి కదులుతున్నట్టు చూపడం. ట్రైపాడ్ (మూడు కాళ్ల స్టాండు) మీద ఫోన్ పెట్టి తీస్తే, నా వీడియోలో బొమ్మతోపాటు వెనక గోడా గంతులేసేది. కారణం షటర్ నొక్కే వేలే. తాకిన ప్రతిసారీ ఫోన్ వెంట్రుకవాసి జరుగుతుంది. వైరున్న ఇయర్‌ఫోన్ వాల్యూమ్ బటన్‌తో క్లిక్ చేస్తే ఆ బాధ తగ్గింది. వైరును ట్రైపాడ్ కాలికి టేపుతో అంటించి, ఫోన్ దగ్గర కాస్త వదులుంచాలి, లేకపోతే అదే లాగుతుంది.

ట్రైపాడ్ మధ్య కడ్డీని పూర్తిగా దించి, 2 కిలోల బియ్యం సంచి కట్టాను. సంచి నేలకు ఆనీ ఆననట్టుండాలి; గాలిలో వేలాడితే అదే ఊగుతుంది. కాళ్ల చుట్టూ నేలమీద టేపు గుర్తులు తప్పనిసరి, ముఖ్యంగా పిల్లలున్న ఇంట్లో.

సెకనుకు 12 ఫ్రేములు (ఫొటోలు) అంటే 10 సెకన్లకు 120 క్లిక్‌లు. ఛార్జర్ ముందే గుచ్చండి; మధ్యలో గుచ్చితే ఫ్రేమ్ జరిగినట్టే. ఇంతా చేసినా వెలుగు మినుకుమంటే అది వణుకు కాదు, ఎక్కువగా ఆటో ఎక్స్‌పోజర్, అంటే కెమెరా తనంతట తానే ఫొటో వెలుగును మార్చుకోవడం. తెరను నొక్కిపట్టి లాక్ చేయాలి.