ఏడిపించే సీను కాదు, దానికి ముందు సీను రాయండి

విశాఖ మద్దిలపాలెంలో నేను యానిమేషన్ నేర్పే క్లాసుకి పిల్లలు తెచ్చే షార్ట్ ఫిల్మ్ కథలు చాలావరకు ఒక చావుతోనే ముగుస్తాయి. తాత పోతాడు, కుక్క పోతుంది, హుద్‌హుద్ తుఫానులో పడవ తిరిగి రాదు. వాన, స్లో మోషన్, వయొలిన్. చూసినవాళ్లు "బాగుంది" అని లేచి వెళ్లిపోతారు, ఎవరి కళ్లూ తడవవు. కష్టాన్ని చూపిస్తే జాలి కలుగుతుంది, అంతే. గొంతు పట్టేయాలంటే పోయేదేమిటో చూసేవాళ్లకి ముందే తెలియాలి. తెలిస్తే చాలదు, అది వాళ్లకి కూడా కావాలనిపించాలి. అందుకే ఫ్యామిలీ యానిమేషన్ తీసేవాళ్ల కష్టమంతా ఏడుపు సీనుకి ముందే ఉంటుంది.

2009లో వచ్చిన యానిమేషన్ సినిమా 'అప్' మొదలు మళ్లీ ఒకసారి చూడండి, ఈసారి పెన్నూ కాగితం పక్కన పెట్టుకుని. కార్ల్, ఎల్లీల కాపురమంతా ఒక్క మాట లేకుండా నాలుగు నిమిషాల పైచిలుకులో అయిపోతుంది. అందరికీ గుర్తుండేది ఎల్లీ పోవడం. నన్ను పట్టుకునేది మాత్రం డబ్బులు దాచుకునే గాజు సీసా. జలపాతం చూసొద్దామని ఇద్దరూ అందులో చిల్లర వేస్తుంటారు. టైరు పాడైతే సీసా పగలగొడతారు. కాలు విరిగితే మళ్లీ, ఇంటి కప్పు మీద చెట్టు పడితే మళ్లీ. అవసరం పడి పోస్టాఫీసు ఆర్డీ మధ్యలో తీసేసిన ఇల్లు మనలో ఎవరికి తెలియదు? వీటిలో ఏదీ పెద్ద విషాదం కాదు. అయినా ఎల్లీ కొండ ఎక్కలేక కూలబడినప్పుడు, ఆ జలపాతం మనం కూడా చూడలేకపోయామనిపిస్తుంది. మైకేల్ జియాకినో సంగీతం చేసేదీ ఇదే. విషాదానికి వేరే ట్యూన్ కట్టలేదు. కొత్త కాపురంలో హుషారుగా విన్న ట్యూనే నెమ్మదించి, చివరికి ఒంటరి పియానో మీద మిగులుతుంది.

ఇప్పుడు మన ఊరి కథ ఒకటి తీసుకుని కట్టి చూద్దాం. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. ఫిషింగ్ హార్బర్‌లో బోట్లన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడిపోతాయి. స్కూళ్లకి ఎండాకాలం సెలవులూ దాదాపు అప్పుడే. వేట సీజన్లో నాన్న వెళ్తే రోజుల తరబడి కనపడడు. అంటే హార్బర్ దగ్గర పెరిగే ఎనిమిదేళ్ల పిల్లకి నాన్న రోజూ ఇంట్లో ఉండే కాలం ఇదొక్కటే. పెద్దవాళ్లకి మాత్రం ఇవి చేతిలో డబ్బాడని రోజులు. పిల్లకి పండగ, అమ్మకి టెన్షన్.

చావు లేదు, తుఫాను లేదు, విలన్ లేడు. నాన్న వెళ్లకూడదని పిల్ల కోరిక, అది న్యాయం. నాన్న వెళ్లకపోతే ఇల్లు గడవదు, అదీ న్యాయం. ఇంతకన్నా గట్టి పునాది ఫ్యామిలీ సినిమాకి దొరకదని నా నమ్మకం. ఒకే షాట్ చూస్తూ హాల్లో పిల్లలు పిల్ల పక్షం, పెద్దలు నాన్న పక్షం అవుతారు. 'ఫైండింగ్ నీమో' (2003) చూసే పిల్లలకి సముద్రంలో సాహసం కనిపిస్తుంది, పక్క సీట్లో తండ్రికి మొదటి నుంచీ గుండె దడే. తల్లి చేప చనిపోయిన సంగతిని దర్శకుడు ఆండ్రూ స్టాంటన్ ముందు సినిమా అంతటా ఫ్లాష్‌బ్యాక్‌లుగా పరిచాడు. తర్వాత మొత్తం తెచ్చి మొదట్లోనే పెట్టాడు. అప్పటిదాకా ఒట్టి చాదస్తంగా కనిపించిన తండ్రి చేప మీద ఆ మార్పుతో మనకి ప్రేమ పుట్టింది. మీరు కూడా క్లైమాక్స్‌కి దాచుకున్న రహస్యం ఉంటే ఒకసారి మొదటికి తెచ్చి చూడండి.

తర్వాత ఒక వస్తువు, ఒక చేతి పని ఎంచుకోండి. మన కథలో అది వల. నిషేధం రోజుల్లో నాన్న ఇంటి ముందు కూర్చుని చిరిగిన చోటల్లా ముడులు వేస్తుంటాడు. వేసిన ప్రతి ముడినీ బొటనవేలితో ఒకసారి నొక్కి చూస్తాడు. మొదటిసారి అది కేవలం పని. రెండోసారి, పక్కన కూర్చుని నేర్చుకుంటున్న పిల్ల వేసిన ముడిని నొక్కి, వదులుగా ఉందని నవ్వి, విప్పి మళ్లీ వెయ్యమంటాడు. అప్పుడది ఆట. వల పూర్తయితే నాన్న వెళ్లిపోతాడని పిల్లకి అర్థమవుతుంది. ఇక రోజూ రాత్రి దొంగతనంగా లేచి నాలుగు ముడులు విప్పేస్తుంది. పొద్దున నాన్న తల గోక్కుంటూ మళ్లీ మొదలుపెడతాడు. ఇక్కడ చిన్నపిల్లలు పడీపడీ నవ్వాలి. ఈ నవ్వు రాకపోతే చివర్లో ఏమీ రాదు, కాబట్టి ఈ భాగానికి ఎక్కువ టైము ఇవ్వండి.

ఒక రాత్రి పిల్ల ముడి విప్పుతుంటే, లోపల అమ్మ బియ్యం డబ్బా అడుగున గ్లాసుతో గీకుతున్న చప్పుడు. అమ్మని చూపించకండి, డైలాగు వద్దు. పిల్ల వేళ్లు ఆగితే చాలు.

జూన్ 14 రాత్రి. నాన్న వల సర్దుతుంటే చేతికి ఒక ముడి తగులుతుంది. వంకర ముడి, తను వేసింది కాదు. బొటనవేలితో నొక్కి చూస్తాడు. గట్టిగా ఉంది.

ఇక్కడ ఎవరూ ఏడవకూడదు. పిల్లని ఫ్రేములో పెట్టనే వద్దు. 2001 నాటి 'మాన్‌స్టర్స్, ఇంక్.' చివరి షాట్ గుర్తుందా? తలుపు తెరుచుకుంటుంది, పాప గొంతు వినిపిస్తుంది, ఆ పాపని సాకిన భూతం సల్లీ మొహంలో నవ్వు విచ్చుకుంటుంది. పాప కనిపించదు. చూపించి ఉంటే ఆ నవ్వుని మనం అంత పరీక్షగా చూసేవాళ్లం కాదు.

బొటనవేలి షాట్‌కి సెకనుకి 24 ఫ్రేముల లెక్కన కనీసం 36 ఫ్రేములు ఇవ్వండి. అలాగని బొమ్మని బిగదీసి వదిలెయ్యకండి. చేత్తో గీసిన బొమ్మ కాసేపు కదలకపోయినా నడుస్తుంది, త్రీడీలో కదలిక ఆగిందంటే పాత్ర చచ్చిపోయినట్టే ఉంటుంది. మూవింగ్ హోల్డ్ అనేది అందుకే. ఛాతీలో ఊపిరి ఆడాలి, భుజం పిసరంత దిగాలి. నాన్న ముడి నుంచి పిల్ల పడుకున్న వైపు చూడాలంటే, ముందు కనుపాపలు కదలాలి, రెప్ప పడాలి, ఆ తర్వాతే తల తిరగాలి. మూడూ ఒకే ఫ్రేములో మొదలైతే రోబో అవుతాడు. మా క్లాసులో ఎక్కువ ఫైళ్లు వెనక్కి పంపేది దీనికే.

మొహానికి చర్మ రంధ్రాలు చెక్కుతూ వారాలు తగలెయ్యకండి. మనిషికి బాగా దగ్గరగా వచ్చి కాస్త తేడాగా ఉన్న బొమ్మ మనసుని దూరం నెట్టేస్తుందని జపాన్ శాస్త్రవేత్త మసహిరో మోరి 1970లోనే రాశారు. 'వాల్-ఈ' సినిమాలో రోబోకి ఉన్నవి బైనాక్యులర్స్ లాంటి కళ్లు. 'బిగ్ హీరో 6'లో బేమ్యాక్స్ అనే రోబో మొహం రెండు చుక్కలు, మధ్యలో ఒక గీత. మిగతా భావమంతా చూసేవాళ్లే నింపుకుంటారు. వల విషయంలోనూ అత్యాశకి పోవద్దు. మొత్తం వలకి సిమ్యులేషన్ (కదలికని కంప్యూటరే లెక్కకట్టడం) పెడితే ఇంట్లో లాప్‌టాప్ మొరాయిస్తుంది. దూరం షాట్లకి టెక్స్చర్ (పైన అతికించే బొమ్మ) చాలు, దగ్గర షాట్‌కి వలలో ఓ పది గళ్లని మాత్రం కదిలించేలా రిగ్ చేసుకోండి.

మాట దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. "నాన్నా, నువ్వు రేపు వెళ్తున్నావా?" అని హార్బర్ పిల్ల అనదు. "రేపెల్లిపోతావేటి నానా?" అంటుంది. డబ్బింగ్ గొంతుతో పెద్దవాళ్ల చేత పిల్ల మాట చెప్పించకండి. 'మాన్‌స్టర్స్, ఇంక్.' పాప గొంతు కోసం మైకు ముందు కుదురుగా నిలబడని చిన్నపిల్ల వెనకాలే మైకు పట్టుకుని తిరిగి, ఆటలో పలికినవి రికార్డు చేశారు. మీరూ పెద్దల్ని అడిగి, పిల్లలు ఆడుకునే చోటికే ఫోను తీసుకెళ్లండి. ఇంకొకటి: నిషేధం రోజుల్లో బోటు ఇంజన్ మోగదు కాబట్టి ఫిల్మ్ అంతా దాన్ని వినిపించకండి. చివరి తెల్లవారుజామున ఒక ఇంజన్, తర్వాత ఇంకొకటి, తర్వాత హార్బర్ అంతా. నా మాట నమ్మండి, అక్కడ ఏ వయొలినూ అక్కర్లేదు.

ఇదంతా రెండర్‌కి, అంటే కంప్యూటర్ చివరి బొమ్మలు తయారుచేసే దశకి, ముందే తేలిపోవాలి. పెన్సిల్ బొమ్మలు, ఫోనులో రికార్డు చేసిన గొంతులు కలిపి స్టోరీ రీల్ చెయ్యండి. 1993 నవంబరులో 'టాయ్ స్టోరీ' రీల్స్ చూసిన డిస్నీ వాళ్లు పని ఆపించేశారు. కథలో ముఖ్యపాత్ర అయిన కౌబాయ్ బొమ్మ వుడీ అప్పటికి మరీ దుర్మార్గంగా ఉన్నాడు. కథ తిరగరాశాకే 1995లో ఆ సినిమా బయటికొచ్చింది. ఒక అమ్మాయి మనసులోని భావాలే పాత్రలైన 'ఇన్‌సైడ్ అవుట్' (2015)లో సంతోషానికి జోడీగా ముందు పంపింది భయాన్ని. అది కుదరక దర్శకుడు పీట్ డాక్టర్ దుఃఖాన్ని జోడీ చేశాడు, సినిమాకి ప్రాణం అక్కడే వచ్చింది. కాగితం మీద బొమ్మ కాబట్టి మార్చగలిగారు.

రీల్ తయారయ్యాక ఇంట్లో ఓ పిల్లనీ, ఓ అమ్మమ్మనీ పక్కపక్కన కూర్చోబెట్టి చూపించండి. మీరు స్క్రీన్ చూడకుండా వాళ్ల మొహాలు చూడండి. పిల్ల ఎక్కడ నవ్వింది, అమ్మమ్మ ఎక్కడ చూపు పక్కకి తిప్పింది, ఎవరి చెయ్యి ఎప్పుడు ఫోను మీదకి పోయింది, టైముతో సహా రాసుకోండి. బియ్యం డబ్బా చప్పుడికి అమ్మమ్మలో కదలిక లేకపోతే దాని ముందు సీను కత్తిరించండి, చప్పుడు పెంచకండి. మార్చిన రీల్‌ని మాత్రం కొత్తవాళ్లకే చూపించాలి. ముడి సంగతి ముందే తెలిసినవాళ్లు మీకు నిజం చెప్పలేరు.