లావుపాటి ఫాంటసీ నవలలో మునిగిపోవడం ఎలా?

ఆరేడు వందల పేజీల ఫాంటసీ నవల కొని, అరవయ్యో పేజీ దగ్గర బుక్‌మార్క్ పెట్టి మళ్లీ ముట్టుకోనివాళ్లు నాకు బోలెడుమంది తెలుసు. అడిగితే అందరిదీ ఒకటే మాట: "ఆ పేర్లకి నోరు తిరగట్లేదండీ, ఎవరు ఎవరో అర్థం కాలేదు." పుస్తకం తప్పు కాదది. మొదలుపెట్టిన తీరులోనే ఉంది తప్పు. ఇరవై ఏళ్లుగా ఇవే చదువుతున్నాను కాబట్టి కాస్త గట్టిగానే చెబుతాను, ఏమీ అనుకోకండి.

1. సరంజామా

పుస్తకం, మంచి వెలుతురు, వీపు ఆనించే చోటు, మంచినీళ్లు. పుస్తకం కాగితానిదే కావాలి. ఈ-రీడర్‌లో నలభై శాతం అయిందని అంకె కనిపిస్తుంది గానీ, కుడిచేతి కింద మందం తరిగిపోతున్న సంగతి వేళ్లకు తెలియదు. చివరి వంద పేజీల్లో ఆ తరుగుదల పెట్టే బెంగ కోసమైనా కాగితం కావాలి. ఆడియోబుక్ వింటూ గిన్నెలు తోముకునేవాళ్లతో నాకు పేచీ లేదు, కానీ దాన్ని మునగడం అనను. ఫోను పక్క గదిలో ఉండాలి. సైలెంట్‌లో పెట్టి పక్కన బోర్లిస్తే లెక్కలోకి రాదు.

2. ఎంపిక

సిరీస్ అయితే మొదటి భాగంతోనే దిగండి. సినిమాగా వచ్చిందైతే అది చూడకముందే చదవండి. నటుడి మొహం ఒకసారి చూశాక మంత్రగాడికి మీరు ఇంకో మొహం పెట్టలేరు. సిరీస్ పూర్తయిందో లేదో కూడా కనుక్కోండి. నేను కనుక్కోకుండా ఒకదాంట్లో దిగి, తర్వాతి భాగం కోసం పదకొండేళ్లుగా కాచుకుని ఉన్నాను.

3. టైము

మొదటి విడత రెండు గంటలకు తగ్గకూడదు. పడుకోబోయే ముందు పది పేజీలు అనే పద్ధతి వేరే పుస్తకాలకు పనికొస్తుందేమో, దీనికి రాదు. నా వేగం గంటకు ముప్ఫై అయిదు పేజీలు. అంటే ఒక్క కూర్చోవడంతో డెబ్బై. ఆ డెబ్బైలోనే ఉంది అసలు తిరకాసంతా.

4. మొదటి డెబ్బై పేజీలు దాటడం

మొదటి పేజీ ఇలా ఉంటుందనుకోండి. ఒకతను తెగిన వేలికి గుడ్డ చుట్టుకుంటూ, "మూడో చంద్రుడు పొడిచేలోగా ఉప్పుకోట చేరాలి" అంటాడు. మూడో చంద్రుడేమిటి? ఉప్పుకోట ఎక్కడ? వెంటనే మీ చెయ్యి మ్యాప్ ఉన్న పేజీ వైపు పోతుంది. అక్కడ దొరక్కపోతే వెనకాల ఉన్న పదకోశానికి, అక్కడా దొరక్కపోతే ఫోను కోసం పక్క గదికి. చెడిపోయేది సరిగ్గా ఇక్కడే.

ఆ చెయ్యిని ఆపండి. గుడ్డ చుట్టుకుంటున్న మనిషిని చూడండి. గుడ్డ తడిసిపోతోందా? తొందరపడుతున్నాడా, భయపడుతున్నాడా? చంద్రుళ్ల లెక్క అతనికి తెలుసు. అతని వెంట నడిస్తే మీకూ తెలుస్తుంది. కొత్త ఆఫీసులో చేరిన మొదటి రోజు ఎవరూ మనుషుల జాబితా చేతికిచ్చి బట్టీ పట్టమనరు. అయినా వారం తిరిగేసరికి ఎవరితో జాగ్రత్తగా ఉండాలో మనకు తెలిసిపోతుంది. ఇదీ అంతే.

'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' అనే ఫాంటసీ నవల రాసిన టోల్కీన్ తన 1939 నాటి ఉపన్యాసాన్ని పెంచి 1947లో అచ్చువేసిన వ్యాసంలో ఈ సంగతి చెప్పాడు. రచయిత కట్టిన లోకంలో మనం ఉన్నంతసేపూ అక్కడి నియమాల ప్రకారం అంతా నిజమే. అపనమ్మకం పుట్టిన క్షణాన మంత్రం వీగిపోతుంది, మనం బయటపడతాం. పదకోశం తిప్పిన ప్రతిసారీ మీరు చేసేది ఆ బయటపడటమే. తన ఆ పెద్ద నవలకు చేర్చిన వంశవృక్షాలు, కాలపట్టికల్లాంటి అనుబంధాలను ఆయన మూడో సంపుటం చివర పెట్టాడు, గుమ్మంలో కాదు. ఇవి చదవడం పలాయనమని వెక్కిరించేవాళ్లకూ అదే వ్యాసంలో జవాబుంది: జైల్లో ఉన్నవాడు ఇంటికి పోవాలనుకోవడం వేరు, సైనికుడు యుద్ధం వదిలి పారిపోవడం వేరు.

నోట్‌బుక్ పెట్టుకోమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. నేనూ పెట్టాను ఒకప్పుడు. ఎనిమిది పేజీల నిండా రాజవంశాలు రాసుకున్నాను. ఎవరికి ఎవరు మేనమామో తడుముకోకుండా చెప్పగలిగాను గానీ, వాళ్లలో ఒకడు చచ్చిపోతే చీమ కుట్టినట్టయినా అనిపించలేదు. ఫోనుతో ఇంకా ప్రమాదం. ఒక పాత్ర పేరు ఎలా పలకాలో చూద్దామని సగం టైప్ చేశానో లేదో, ఆ పేరు పక్కనే "మరణం" అని కింద వచ్చేసింది. నేనింకా తొంభయ్యో పేజీలో ఉన్నాను.

రెండు వెసులుబాట్లు ఇస్తాను. నోరు తిరగని పేరును మీకు వచ్చినట్టు కుదించుకోండి, రచయిత వచ్చి అడగడు. మరీ గందరగోళమైతే రెండు పేజీలు వెనక్కి వెళ్లండి, అంతకంటే వద్దు.

డెబ్బై పేజీలయ్యాక పుస్తకం మూసి ఒకటే ప్రశ్న వేసుకోండి: వేలు తెగినవాడు ఏమయ్యాడో అని గుబులుగా ఉందా? ఉంటే, పేర్లు సగం గుర్తులేకపోయినా మీరు లోపలికి వెళ్లినట్టే. లేకపోతే ఇంకో ముప్ఫై చదవండి. అప్పటికీ లేకపోతే ఎవరికైనా ఇచ్చేయండి. లోపలికి వెళ్లినప్పుడు ఎలా ఉంటుందంటే, ఒకసారి కథలో మంచు తుఫాను నడుస్తుండగా నేను లేచి ఫ్యాన్ ఆపాను. చెమటకు చొక్కా తడిసే దాకా ఆపిన సంగతే తెలియలేదు.

5. మ్యాప్

ఇప్పుడు చూడొచ్చు. పాత్రలు ఇల్లు విడిచి ప్రయాణం కట్టాక మ్యాప్ చూస్తుంటే భలే ఉంటుంది. టోల్కీన్ ముందు మ్యాప్ వేసుకుని దానికి కథ సరిపెట్టాడన్నది నిజమే. కానీ అది కట్టేవాడి పద్ధతి, కాపురం ఉండేవాడిది కాదు.

6. బయటికి రావడం

చివరి యాభై పేజీలు రాత్రి మేలుకుని చదవొద్దు. నిద్రమత్తులో పరిగెత్తించి, ముగింపు బాగోలేదంటారు. తీరిక ఉన్న పగటిపూటకు దాచుకోండి. అయిపోయాక రెండో భాగం వెంటనే అందుకోకుండా, మళ్లీ మొదటి పేజీ తీసి చదవండి. ఒకతను తెగిన వేలికి గుడ్డ చుట్టుకుంటూ ఉంటాడు. ఆ వేలు ఎవరు తెగ్గొట్టారో, ఆ ఉప్పుకోటలో అతని కోసం ఎవరు కాచుకుని ఉన్నారో ఇప్పుడు మీకు తెలుసు. పాపం, అతనికే ఇంకా తెలియదు.