బొమ్మల పుస్తకంతో మన క్లాసు – 3: అక్షరాలు మూసి చదవడం

పిల్లల బొమ్మల పుస్తకాన్ని చూసినట్టే టీచర్లం మన క్లాసుని మళ్లీ చూసుకోవడం ఈ పాఠాల పని. పోయిన పాఠంలో అందుకో పుస్తకం ఎంచుకోమన్నాను. ఇంకా వెతుకుతున్నవాళ్లకి ఒక మాట: పిల్లల పుస్తకాలు వేసే మన బెంగళూరు ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో 2015 నుంచీ కథలు ఉచితంగా దొరుకుతున్నాయి, తెలుగులోనూ ఉన్నాయి. బడి కనిపించే కథ ఒక్కటి చాలు. నీతికథ మాత్రం వద్దు, అది జవాబు ముందే చెప్పేస్తుంది.

ఈ వారం పని. అక్షరాలున్న చోటల్లా కాగితం ముక్క అంటించి మూసేయండి. ఇక బొమ్మలే చదవాలి. టీచర్ ఎక్కడ నిలబడ్డారు? పిల్లల చూపు ఎటుంది? పేజీ అంచున ఎవరున్నారు? పుస్తకం మొత్తం అక్కర్లేదు, నాలుగు పేజీల దగ్గర తీరిగ్గా ఆగండి.

తర్వాత కాగితాలు తీసేయండి. మంచి బొమ్మల పుస్తకంలో మాట ఒకటి చెబుతుంది, బొమ్మ ఇంకోటి చూపిస్తుంది. 'క్లాసంతా నవ్వింది' అని ఉంటుంది, బొమ్మలో ఒక పిల్లాడు నవ్వడు. మన డైరీల్లోనూ అంతే: 'పిల్లలు ఉత్సాహంగా పాల్గొన్నారు.' నవ్వనివాడు అందులోకి రాడు.

అందుకే ఇప్పుడు నిన్నటి పీరియడ్‌లో ఒక్క నిమిషాన్ని గీయండి. పని జరుగుతుండగా ఆలోచించడం వేరు, అయ్యాక ఆలోచించడం వేరు అని, పనిచేసేవాళ్లు తమ పని గురించి ఎలా ఆలోచిస్తారో పరిశీలించిన అమెరికన్ పండితుడు డోనాల్డ్ షాన్ 1983లో రాశాడు. మనది రెండోది. బొమ్మ బాగా రానక్కర్లేదు, సున్నాలూ గీతలూ చాలు. (నా బొమ్మలో నేనే కుర్చీలా ఉన్నాను.)

నేను ఆరో తరగతి భిన్నాల పాఠం గీశాను. ముందు బెంచీల పిల్లలకి కళ్లు, ముక్కు, ఒకమ్మాయికి రిబ్బన్లు కూడా వేశాను. గోడవైపు వరసలో మాత్రం నాలుగు ఖాళీ సున్నాలు. మర్నాడు అదే పీరియడ్‌లో వెళ్లి ఆ బెంచీలో కూర్చున్నాను. ఎదురు కిటికీలోంచి ఎండ బోర్డు మీద పడి మెరుస్తోంది. నేను కిందగా రాసిన హారాలు ఒక్కటీ కనబడలేదు. ఆ నలుగురూ లెక్కల్లో వెనకబడ్డారని రిజిస్టర్‌లో రాసింది నేనే. కర్టెన్‌కి రెండు మేకులు సరిపోయాయి. రిజిస్టర్ దిద్దడానికే టైమ్ పట్టింది.

వచ్చే పాఠానికి మీ బొమ్మ తీసి ఉంచండి, వివరణ రాయకండి. దాన్ని పక్క క్లాసు టీచర్ చదువుతారు, అంతసేపూ మీరు నోరు మెదపకూడదు.