‘ఇఫ్ ఓన్లీ బికాజ్’ ఎలా వాడాలి
ఇంగ్లిష్‌లో ‘ఇఫ్ ఓన్లీ’ కనబడగానే చాలామంది ‘అలా అయ్యుంటే ఎంత బాగుండేదో’ అనే అర్థం తీసేసుకుంటారు, కానీ దాని పక్కన ‘బికాజ్’ గానీ ‘టు’ గానీ ఉంటే సంగతి పూర్తిగా వేరు. అప్పుడది ఆశ కాదు, కారణం. అదీ ‘మిగతావి పక్కన పెట్టినా ఇదొక్కటి చాలు’ అనిపించే చిన్న కారణం.

‘ఐ విల్ గో, ఇఫ్ ఓన్లీ టు సీ హర్’ అంటే ‘ఇంకెందుకూ కాకపోయినా, కనీసం ఆమెను చూడ్డానికైనా వెళ్తాను’ అని. ఆ ‘కైనా’ చూశారా, తెలుగులో ఈ పనంతా అదే చేస్తుంది, అందుకే ముందు మనసులో ‘కనీసం అందుకైనా’ అని అనుకుని చూడండి, అది కుదిరితేనే ఇంగ్లిష్‌లో ఇది వాడండి. దాని తర్వాత క్రియ వస్తే ‘టు’, పూర్తి వాక్యం వస్తే ‘బికాజ్’: ‘ఐ ట్రస్ట్ హిమ్, ఇఫ్ ఓన్లీ బికాజ్ హి హాజ్ నెవర్ లైడ్ టు మీ’, అంటే ‘ఇంకెందుకూ కాకపోయినా, నాతో ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు, కనీసం అందుకైనా అతన్ని నమ్ముతాను’ అని.

‘ఇఫ్ ఫర్ నో అదర్ రీజన్ దేన్’ కూడా ఇదే, కాస్త బరువుగా ఉంటుందంతే.

ఒక్క జాగ్రత్త. ‘ఇఫ్’ మర్చిపోయి ఉత్త ‘ఓన్లీ బికాజ్’ అన్నారంటే, అతన్ని నమ్మడానికి మీకు ఇంకే కారణమూ లేదని అర్థమైపోతుంది.