హచికోని చూసి అకిటా తెచ్చుకుందాం అనుకుంటున్నారా, ముందు దాని ముత్తాతల గురించి వినండి

అకిటా జాతి కుక్క కావాలి అనేవాళ్ళలో చాలామంది హచికో ఫోటో చూసి మనసు పారేసుకున్నవాళ్ళే. నేనూ అలాగే మొదలెట్టా. 1925లో దాని యజమాని ప్రొఫెసర్ ఉయెనో చనిపోతే అది టోక్యోలోని షిబుయా స్టేషన్ దగ్గర ఆయన కోసం దాదాపు 10 ఏళ్ళు, 1935 మార్చిలో తను పోయేదాకా ఎదురుచూసింది కదా, ఎవరికైనా గుండె కరుగుతుంది. కానీ హచికో పుట్టింది జపాన్ ఉత్తరాన అకిటా ప్రాంతంలోని ఒదాతేలో, బాగా మంచు పడే కొండల వైపు. అక్కడ మతాగి అనే వేటగాళ్ళు వీటి ముత్తాతల్ని ఎలుగుబంట్ల మీదకి, అడవి పందుల మీదకి తీసుకెళ్ళేవాళ్ళు. మీ ఇంటికి కుక్కపిల్ల వస్తే ఆ ముత్తాతలు కూడా వెంట వస్తారు, అది గుర్తుపెట్టుకుంటే పెంపకం సగం తేలిక.

ఎలాగంటే, అడవిలో ఎలుగుబంటి ముందు నిలబడ్డ కుక్క యజమాని మాట కోసం ఆగదు, దానికదే తేల్చుకోవాలి. ఇప్పుడు మీరు "రా" అని పిలిస్తే జరిగేది చూడండి, చెవులు మీ వైపు తిరుగుతాయి, మిమ్మల్ని చూస్తుంది, మూడు నాలుగు సెకన్లు ఆలోచిస్తుంది, అప్పుడు వస్తుంది, అదీ నెమ్మదిగా. ఆ గ్యాప్‌లో మీరు పదిసార్లు అరిచారో ఇక మీ మాటకి విలువ పోయినట్టే. ఒక్కసారి చెప్పండి, ఆగండి, వచ్చాక ట్రీట్ ఇవ్వండి. ట్రైనింగ్ రోజుకి రెండు మూడుసార్లు, ఒక్కోటి 5 నిమిషాలు చాలు, చేసిందే మళ్ళీ చేయిస్తే బోర్ కొట్టి పక్కకి తిరిగి పడుకుంటుంది. కొట్టడం మాత్రం అస్సలొద్దు. బయట లీష్ తీయొద్దు, పిల్లి కనపడితే వేట గుర్తొస్తుంది.

రెండో ముత్తాత ఇంకా కష్టం. 19వ శతాబ్దం చివర్లో ఒదాతేలో కుక్కల పందేల పిచ్చి ఉండేది, ఇంకా బలంగా ఉండాలని టోసాలు, మాస్టిఫ్‌లు అనే భారీ జాతుల కుక్కలతో కలిపేశారు. అసలు జాతి పోయేలా ఉందని 1927లో అక్కడే ఒక సంఘం పెట్టి కాపాడటం మొదలెట్టారు, 1931లో జపాన్ ప్రభుత్వం దీన్ని సహజ సంపదగా ప్రకటించింది, సరే, కానీ ఆ గుణం కొంత మిగిలింది. మగకి మగ, ఆడకి ఆడ చాలాసార్లు పడదు. రెండో కుక్క కావాలంటే ఆడా మగా జోడీ చూసుకోండి, డాగ్ పార్కులు మర్చిపోండి. ఇంకోటి, ఇది మొరిగి వార్నింగ్ ఇచ్చే రకం కాదు, ఒళ్ళు బిగుసుకుంటుంది, ఎదుటి కుక్క మీద నుంచి చూపు తిప్పదు, మెడ మీద బొచ్చు లేస్తుంది. అది కనిపించిన క్షణమే దారి మార్చేయాలి.

కొనేటప్పుడు ఏ అకిటా అని అడగండి. రెండో ప్రపంచ యుద్ధంలో బొచ్చు కోసం కుక్కల్ని పట్టుకెళ్తుంటే జర్మన్ షెపర్డ్‌లని మాత్రం వదిలేవాళ్ళు, దాంతో కొందరు అకిటాలని వాటితో కలిపారు. యుద్ధం అయ్యాక అమెరికా సైనికులు తీసుకెళ్ళింది ఎక్కువగా ఆ కలిసిన రకాన్నే. అందుకే అమెరికన్ అకిటాకి ఎలుగుబంటి లాంటి తల, నల్ల మూతి, ఒళ్ళు కూడా బరువు. జపాన్ రకం నక్క ముఖంతో సన్నగా ఉంటుంది, అయినా మగది 67 సెంటీమీటర్ల ఎత్తు, చిన్నదేం కాదు.

పిల్లగా ఉన్నప్పుడే కొత్త మనుషుల్ని, పిల్లల్ని, శబ్దాల్ని అలవాటు చేయండి, 4 నెలలు దాటాక చాలా కష్టం. తిండి గిన్నె లాక్కోవద్దు. మాది ఏడో నెలలో ఉన్నప్పుడు నేను "బాస్ ఎవరో తెలియాలి" అని లాగా, గుర్రుమంది, తప్పు నాదే. తర్వాత గిన్నె దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ ఒక చికెన్ ముక్క వేసేవాడ్ని, రెండు వారాలకి నన్ను చూస్తేనే తోక ఊపడం మొదలెట్టింది.

బొచ్చు ఏడాదికి రెండుసార్లు దూది పరుపు చింపినట్టు ఊడుతుంది, రోజూ దువ్వాలి, ఎండాకాలం అని గుండు మాత్రం చేయించొద్దు.

టీకాలు లేట్ చేయకండి. 1937లో చూపు, వినికిడి లేని అమెరికన్ రచయిత్రి హెలెన్ కెల్లర్‌కి జపాన్‌లో ఇచ్చిన అకిటా పిల్ల డిస్టెంపర్ అనే వైరస్ జబ్బుతోనే పోయింది, తర్వాత దాని అన్నని పంపారు. పొట్ట ఉబ్బి, కక్కబోయినా ఏమీ రాక అవస్థ పడుతుంటే తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే వెట్ దగ్గరికి పరిగెత్తండి. కళ్ళు ఎర్రబడి ముక్కు మీద నలుపు వెలిసిపోతున్నా అంతే, ఈ జాతిలో వచ్చే ఒక జబ్బుకి చూపు పోతుంది. ఇంకా చాలా అకిటాల ఎర్ర రక్తకణాల్లో పొటాషియం మామూలుగానే ఎక్కువ, శాంపిల్ కాసేపు అలా పెట్టేస్తే అది బయటికొచ్చి రిపోర్ట్‌లో నంబర్ భయపెట్టేస్తుంది, కాబట్టి బ్లడ్ తీసేటప్పుడే ఇది అకిటా అని ఇంకోసారి చెప్పండి.